బక్కయ్య చేతి ఉప్పు

ఆ ఎండకాలమంత నేను భయపడుకుంటనే అన్నం తిన్న. ముద్ద నోట్ల పెట్టుకొని, మింగకుండ కొంచెంసేపు నాలుక మీద ఆపి చూస్తుంటి. ఉప్పు తగిలితే గుండె దడదడ కొట్టుకునేది. తగలకపోతే ఇంకా పరేషాన్, నా నాలుకే మోసం చేస్తున్నదా అని.

ఎనభై తొమ్మిదిల సంగతి. ఉగాది పోయిన వారానికి మా ఆమె బాలనాగమ్మను గట్టు మండలంల ఉన్న మా ఊరి నుంచి బస్సుల తీస్కపోయి గద్వాల దవాఖానల చేర్పించిన. ఏడో నెల. కాళ్లు ఉబ్బి మెట్టెలు వేళ్లల్ల కూరుకపోయినయి. మొఖం ఉబ్బింది. పొద్దున లేస్తే తల పగిలిపోతున్నదని గోడకు ఆనుకొని కూసునేది. అంతకు రెండేండ్ల ముందు కూడ గిట్లనే ఉబ్బి, ఇంట్లనే ఫిట్స్ వచ్చినయి. నాలుక కొరుక్కుంటదని పండ్ల నడుమ నా ఏలు పెట్టి పట్టుకున్న. ఆ గాటు ఇంకా ఉన్నది. ఆమె బతికింది గని బిడ్డ కడుపులనే పోయింది.

డాక్టరమ్మ బీపీ చూసి, నన్ను వరండలకు పిలిచి, నిదానంగ చెప్పింది. మంచం దిగొద్దు, ఎడమ దిక్కే పండుకోవాలె, కాన్పయ్యేదాక ఇక్కడనే ఉండాలె. అన్నిటికంటే ముఖ్యం, ఉప్పు ముట్టొద్దు.

"ఈమెకు ఉప్పు విషం అనుకో," అన్నది. "మళ్ల ఫిట్స్ వస్తే ఇద్దర్ల ఎవరు దక్కుతరో నేను చెప్పలేను."

తిండి బయట నుంచే తెచ్చుకోవాలె. మా అమ్మకు కండ్లు కనవడవు, బాలనాగమ్మ తల్లి ఎప్పుడో పోయింది. ఆవరణల పొయ్యిలు పెట్టొద్దని ఆ యేడు గట్టిగ చెప్పిండ్రు. పెట్టనిచ్చినా నాకు నాగలి పట్టొస్తది గని రొట్టె కొట్టరాదు. బస్టాండు కాడ రెండు హోటళ్లల్ల అడిగిన. ఒక్క మనిషికి ఉప్పులేని కూర వేరే గిన్నెల వండాల్నా అని నవ్విండ్రు. మూడోది దవాఖాన గేటుకు ఎదురుంగ, నేతోళ్ల గల్లి మొదట్ల ఉన్నది. అదే బక్కయ్య హోటలు.

హోటలని పేరే గని, లోపలికి పోవాల్నంటే మనసొప్పది. పైన రేకులకు మసి తాళ్ల లెక్క వేలాడుతుండె. నాలుగు బల్లలు, ఒకదానికి కాలిరిగితే రాళ్లు పేర్చి నిలబెట్టిండు. చేతులు కడిగే కాడ పాచి పట్టి, కాలు జారుతుండె. గోడకు ఐదేండ్ల కిందటి క్యాలెండరు. బక్కయ్య అరవై ఐదేండ్ల మనిషి, పేరుకు తగ్గట్టే బక్కగ ఉండె. నడుముకు తువ్వాల చుట్టుకొని వంట తనే వండి, వడ్డన తనే వడ్డించి, బల్లలు తనే తుడుస్తుండె. నేను చెప్పింది మొత్తం విని, వేరే గిన్నె పెడ్తలే తమ్మీ, దానికేమున్నది అన్నడు.

ఆ దినం నేను అక్కడ తిన్న తిండి ఇంకా మర్చిపోలే. వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ. మూడు రొట్టెలు తిని, ఇంకొకటి పెట్టించుకున్న. మా అమ్మ చేతిల కూడ గంత రుచి లేదు. మర్నాడు పొద్దున ఆశగ పోతే పప్పు నోట్ల పెట్టరాలే, ఉప్పు కషాయం. ఆ మాపటేళ పచ్చిపులుసుల ఉప్పే లేదు. మూడో దినం మళ్ల అమృతం లెక్క ఉన్నది.

అక్కడ తినేటోళ్లు అందరు మగ్గాల మీద పనిచేసెటోళ్లు, పక్క ఊర్ల నుంచి వచ్చి గల్లిల కిరాయి అర్రల్ల ఉండెటోళ్లు. కురుమూర్తి అని ఒకాయన, యాభై ఏండ్లుంటయి, వాళ్లకు పెద్ద. మొదటి ముద్ద ఆయన తిని మిగిలినోళ్ల దిక్కు చూస్తడు. ఆయన మజ్జిగ అడిగితే కూర చెడిందని లెక్క. ఎవరు ఏమనకుండ అన్నంల మజ్జిగ పోసుకొని తిని లేచి పోతరు. నేతోళ్లకు ఓపిక ఎక్కువ అనుకున్న.

పది దినాలకు భయం సంగతి తెల్సింది.

ఆ పొద్దు డబ్బ తెచ్చి బాలనాగమ్మ ముందర పెట్టిన. రోజు నాలుగు ముద్దలు తిని, చప్పటి తిండి నాతోని గాదని మొఖం తిప్పుకునే మనిషి, ఆ దినం గిన్నె ఏలితోని తుడిచి నాకింది. సంబురపడ్డ. కడుగుదమని గిన్నె తీసుకొని, అంచుకున్న పప్పు ఊకెనే నోట్ల పెట్టుకున్న. పప్పుల ఉప్పున్నది. కొంచెం గాదు, నిండ ఉన్నది.

ఎందుకు తిన్నవని అడిగిన. ఆమె నన్ను చూడలే, కిటికి దిక్కు చూసింది.

"ఒక్క దినం తింటే ఏమైతది? పది దినాల సంది గడ్డి తింటున్న," అన్నది మెల్లగ.

మర్నాడు పొద్దుటికి కండ్ల ముందర మిణుగురులు తిరుగుతున్నయన్నది. బీపీ చూసిన సిస్టరు ఇందిరమ్మ ఉరికి డాక్టరమ్మను తీస్కొచ్చింది. సూదేసిండ్రు. వెలుతురు తగిలి ఫిట్స్ రావొద్దని కిటికీలకు నల్లగుడ్డ కట్టిండ్రు. ఆ చీకట్ల నేను మంచం పట్టె పట్టుకొని, ఆమె దవడ కదిలిన ప్రతిసారి ఇగ వచ్చిందనుకుంట కూసున్న. రాలే. పగటీలికి బీపీ దిగింది.

అక్కడి నుంచి సీద హోటలుకు పోయిన. పప్పుల ఉప్పెందుకు ఏసినవని బక్కయ్యను నిలదీసిన. ఎయ్యలే తమ్మీ, ఒట్టు అన్నడు. పొయ్యి మీద అప్పుడే దించిన చిన్న గిన్నె ఉన్నది, అది ఆమెదే. గంటెతోని కొంచెం తీసి నేను నాలుక మీద ఏసుకున్న. మళ్ల ఉప్పు. గంటె ఆయన చేతికిచ్చి, నువ్వే చూడు అన్న. బక్కయ్య నోట్ల ఏసుకొని, రెండుసార్లు చప్పరించి, నా మొఖం దిక్కు చూసుకుంట అన్నడు:

"చప్పగనే ఉన్నది గద."

అబద్ధమాడెటోళ్ల కండ్లు గట్ల ఉండవు. ఆ కండ్లు, నేను ఏమంటనో అని ఎదురు చూస్తున్నయి. పక్కనున్న కారం డబ్బ తీసి ఆయన ముందర పెట్టి, ఇదన్న తెలుస్తదా చూడు అన్న. బక్కయ్యకు అర్థమైంది. డబ్బ ముట్టలే. పొయ్యి ముందర పీట మీద కూలబడి, తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు.

నాలుగేండ్ల కింద ఇరవై దినాలు జ్వరమొచ్చిందట. జ్వరం పోయింది గని పోతపోత నాలుకను, ముక్కును తీస్కపోయింది. మంట తప్ప ఏం తెల్వది. భార్య అమృతమ్మ ఉన్నప్పుడు ఆమె రుచి చూసేది, ఈయన వండేటోడు, ఎవరికి తెల్వకుండ నడిచింది. ఆమె పోయి మూడేండ్లు. అప్పటి సంది చేతి లెక్క మీదనే వండుతున్నడు. చేతి లెక్క తప్పది గని, నడుమల ఎవరన్న పిలిస్తే, ఉప్పు ఏసిండో ఎయ్యలేదో యాది ఉండది. యాది లేకపోతే మళ్ల ఏస్తడు. మనలెక్క చూసుకునెతందుకు ఆయనకు నాలుక లేదు.

"ఎవరికి చెప్పకు తమ్మీ," అన్నడు. "నాలుక లేనోడు వండిండంటే ఎవరు తింటరు? నాకు ఈ పొయ్యి తప్ప ఏం లేదు. బిడ్డ వీపనగండ్లల ఉన్నది, అల్లుని ఇంట్ల పోయి ఏమని కూసుందు?"

నిజం చెప్పాలంటే, ఆ దినం నాకు ఆయన మీద జాలి రాలే. భయమే వచ్చింది. వేరే హోటలు ఉంటే వెనక్కి తిరిగి చూడకుండ పోయేటోన్ని. లేదు గనక, చెప్పనని మాటిచ్చి, నా షరతు నేను పెట్టిన. పొద్దున పది గంటలకు, మాపటీలి పొద్దు గూకకముందు నేనొస్త. అన్ని గిన్నెలు నేను చూసినంకనే దించాలె. ఆమె గిన్నె నా ముందరనే వండాలె.

అట్ల నేను బక్కయ్యకు నాలుకనైన. ఆయన గంటె చాపుతడు, నేను చూసి వేళ్లు చూపెడ్త. ఒక ఏలు అంటే కొంచెం ఎయ్యి, పిడికిలి అంటే చాలు. కొన్ని దినాలకు కూర దినాం మంచిగనే అయితుండె. నేతోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. కురుమూర్తి మజ్జిగ అడుగుడు బందువెట్టిండు. బక్కయ్య ముచ్చట్లు చెప్పబట్టిండు. అమృతమ్మ రాయచూరు దిక్కు పిల్లనట, కన్నడంల తిట్టేదట, ఆ తిట్లకు అర్థం తెల్వక ఈయన నవ్వుతుండెనట. నేను ఊ కొట్టుకుంటనే ఆమె గిన్నె దిక్కు చూస్తుంటి. ఆయన చెయ్యి ఉప్పు కుండ మీదికి పోతే చాలు, పీట మీదికెల్లి లేస్తుంటి.

బాలనాగమ్మ మాత్రం నాకు శత్రువై కూసున్నది. పక్క మంచపామె దగ్గర మామిడికాయ తొక్కు చూసి ఒక్క బద్ద ఇప్పియ్యమన్నది. ఇప్పియ్యలే. ఏడ్చింది. ఏడిస్తే కూడ బీపీ పెరుగుతదన్న.

"నీకు నేను కాదు, బీపీ పెండ్లాం," అని రెండు దినాలు మాట్లాడలే.

మూడో దినం నా చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకున్నది. లోపల తన్నుతున్నది. పొద్దున సంది పదకొండుసార్లు తన్నిందని చెప్పింది. దినాం లెక్క పెడ్తున్నదట. లెక్క తక్కువైన దినం నాకు చెప్పలేదట, నేను భయపడ్తనని. ఇద్దరం ఒకరికొకరం చెప్పకుండ ఒక్క భయమే మోస్తున్నమని నాకు అప్పుడు తెల్సింది.

అట్ల రోహిణి ఎండలు గడిచినయి. మిరుగు కార్తె రాంగనే వాన పడ్డది. గద్వాలల మోర్లు పొంగినయి. దవాఖాన వరండల నిలబడి తడి మట్టి వాసన చూస్తుంటే సంబురం రాలే, ఇగ విత్తే అదును వచ్చిందని భయమైంది. మర్నాడే మా ఊరి కురుమయ్య వచ్చిండు. మా పక్కింటోడు, నాతోటోడు. అందరు విత్తెతందుకు గొర్రు కట్టిండ్రు, నీ చెలుక ఒక్కటే ఖాళీగ ఉన్నది అన్నడు. నాది కౌలు భూమి. అదును తప్పితే భూమి ఇచ్చిన పటేలు ఇంకొకనికి ఇస్తనన్నడట. భూమి పోతే పుట్టే బిడ్డకు ఏం పెట్టాలె?

బాలనాగమ్మే పొమ్మన్నది. మూడు దినాలే గద, నేను ఎక్కడికి పోత అన్నది.

నేను బక్కయ్య కాడికి పోయి చెప్పిన. ఆయన మొఖం పాలిపోయింది.

"నాతోని గాదు, జోగన్న తమ్మీ. ఇంకెవరికన్న అప్పజెప్పు."

ఎవరికి అప్పజెప్పాలె? సిస్టరమ్మకు చెప్పాల్నంటే ఈయన సంగతి బయట పడ్తది. బాలనాగమ్మనే చూసుకొమ్మందమంటే, ఉప్పు తగిలితే ఆమె గిన్నె నాకుతది. మూడు దినాలు పాలు, రొట్టె పెడ్దమంటే, అవి ఆమెకు పొట్టల నిలవడవు. ఎంత తిప్పి చూసినా బక్కయ్య తప్ప ఇంకెవరు లేరు.

"తాతా, ఉప్పు కుండ దిక్కు పోకు. అంతే," అన్న.

ఆయన తల ఊపిండు. ఆ ఊపుడుల నాకు ధైర్యం కనవడలే.

పోయిన. కురుమయ్య గొర్రు పట్టిండు, వాని పెండ్లాం ఆముదాలు పోసింది, నేను ఎడ్లను తోలిన. రెండు దినాలు పొద్దున సంది పొద్దుమూకేదాక సాళ్ల మీద నడిచిన. ఏం ఏసిన్నో, ఎట్ల ఏసిన్నో యాది లేదు. కండ్ల ముందర ఒక్కటే, బక్కయ్య చెయ్యి. ఎవరో "బక్కన్నా" అని పిలుస్తరు. ఆయన ఆ దిక్కు చూసుకుంటనే పిడికెడు తీసి ఏస్తడు. అన్నం ముందర పెట్టుకుంటే నాకు మెతుకు దిగలే. మూడో దినం గద్వాలకు పోదమంటే పెద్దవాన పడి వాగొచ్చింది, బస్సు రాలే. ఒడ్డున నిలబడి ఎర్రనీళ్లను చూసుకుంట సందె దాక ఉన్న. నాలుగో దినం పొద్దున వాగు కొంచెం తగ్గినంక, నడుము లోతు నీళ్లల్ల దాటి, తారు రోడ్డు దాక నడిచి, లారి ఎక్కి పోయిన.

దవాఖానకు పోయేసరికి పగటీలైంది. మంచం ఖాళీ.

పరుపు ఎత్తి పెట్టి ఉన్నది. కిటికికి కట్టిన నల్లగుడ్డ తీసేసిండ్రు, ఎండ లోపలిదాక పడ్తున్నది. పక్క మంచం పుష్పమ్మ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. నాకు చెవులల్ల గుయ్యిమన్నది. పుష్పమ్మ ఏదో చెప్తున్నది, వినవడ్తలే. ఆమె ఏలు పెట్టి చూపెట్టింది, కాన్పుల అర్ర దిక్కు. తలుపు మూసి ఉన్నది. కొట్టిన. ఇందిరమ్మ తల బయట పెట్టి, తెల్లారంగ బీపీ పెరిగింది, ఒకసారి ఫిట్స్ వచ్చి ఆగింది, డాక్టరమ్మ లోపలనే ఉన్నది, అక్కడ కూసో అని చెప్పి తలుపేసింది.

నేను కూసోలే. రోడ్డు దాటి హోటలుకు ఉరికిన.

అన్నం యాళ్లకు ఎప్పుడు నిండ ఉండే హోటలు, ఆ దినం ఒక్క మనిషి లేడు. ఒక బల్ల కింద పళ్లెం బోర్ల పడి ఉన్నది, అన్నం చెదిరి ఉన్నది. బక్కయ్య పొయ్యి ముందర కూసున్నడు. నేను పోయి ఆయన అంగి పట్టుకొని లేపిన. ఏం పెట్టినవ్, ఎంత ఏసినవ్ అని ఊపిన. అరిసిన్నో ఏడ్చిన్నో నాకు తెల్వదు. ఎముకల గూడు లెక్క నా చేతులల్ల ఊగిండు గని ఒక్క మాట ఎదురు చెప్పలే. గోడ మీది అటక దిక్కు చెయ్యి చూపెట్టిండు.

ఉప్పు కుండ ఉండే జాగ. అక్కడ గుండ్రటి తెల్లమరక ఒక్కటే ఉన్నది. కుండ లేదు.

"నువ్వు పోయిన మాపటీలనే గల్లిల ఒకరింట్ల పెట్టొచ్చిన," అన్నడు. "ఇంట్ల ఉంటే నా చెయ్యి నాకు తెల్వకుండనే పోతది. ఇంట్లనే లేకపోతే ఏం ఏస్త?"

నాలుగు దినాలు అందరికి చప్పటి తిండే పెట్టిండట. కూరల ఉప్పు లేదు, చారుల లేదు, పైన ఏసుకుందమంటే చిటికెడు లేదు. అడిగితే లేదన్నడట. ఎందుకు లేదంటే చెప్పలేదట. మొదటి దినం నవ్విండ్రట. రెండో దినం ఎవరో ఇంటికెల్లి పొట్లం కట్టుకొని తెచ్చుకుంటే, నా హోటలుకు ఉప్పు తేవొద్దని గుంజుకొని బయట పారేసిండట. మూడో దినం తిట్టిండ్రట. నాలుగో దినం, అంటే ఆ పొద్దున్నే, కురుమూర్తి పళ్లెం విసిరికొట్టి, అందరిని తీస్కొని పోయిండట. బక్కయ్య అవన్ని వేరెవరికో అయినట్లు చెప్పిండు. చెప్పి, బాలనాగమ్మ ఎట్లున్నదని అడిగిండు.

నేను అంగి ఎప్పుడు ఇడిసిపెట్టిన్నో తెల్వదు. ఆయన ముందర నిలవడలేక బయటికొచ్చిన.

దవాఖాన మెట్ల మీద కూసున్న. బక్కయ్య కూడ తువ్వాల భుజాన ఏసుకొని వచ్చి, నాకు కొంచెం దూరంల కూసున్నడు. లోపలికెల్లి ఏ చప్పుడొచ్చినా ఇద్దరం లేస్తున్నం, మళ్ల కూసుంటున్నం. నేతోళ్ల గల్లిల మగ్గాలు ఆడుతున్నయి. ఒక మగ్గం ఆగితే ఆగిందెందుకని గూడ భయపడ్తున్న. ఎంతసేపు గడిచిందో, ఇందిరమ్మ వచ్చి, ఆడపిల్ల, రెండు కిలోలకు తక్కువున్నది అన్నది. ఏడ్చిందా అని అడిగిన. కొంచెం ఆలస్యంగ ఏడ్చిందన్నది. తల్లికి స్పృహ రాలే, బీపీ దిగుతున్నది, ఇరవై నాలుగు గంటలు గడవాలె అన్నది.

నాకు ఇంకొక మాట అడగాలనిపించింది. నాలుగు దినాల సంది ఏమన్న తప్పు తిన్నదా అని అడిగిన. ఇందిరమ్మ మెట్ల మీదున్న ముసలాయన దిక్కు చూసింది.

"తప్పెక్కడిది? దినాం తనే డబ్బ తెచ్చి, ఆమె తినేదాక ఆయన తలుపు కాడనే నిలవడుతుండె. పుష్పమ్మ తొక్కు ఇస్తదేమోనని. ఉప్పుతోనే వస్తదనుకోకు, ఈ బీపీ దానంతట అదే గూడ పెరుగుతది."

మర్నాడు మాపటీలికి బాలనాగమ్మ కండ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. పిల్లను దూదిల చుట్టి, ఆమె రొమ్ము మీద పండబెట్టిండ్రు. అరచెయ్యంత మొఖం. నేను నిమిషానికొకసారి దాని ముక్కు కాడ ఏలు పెట్టి చూసిన. ఆ వారమంత గట్లనే చూసిన.

పిల్ల చనుబాలు గుంజబట్టినంక నాకు బక్కయ్య సంగతి యాదికొచ్చింది. హోటలుకు ఎవరు వస్తలేరు. కుండ తిరిగి తెచ్చుకున్నడు, వండుతున్నడు, వండింది కుక్కలకు పెడ్తున్నడు. నేను ఒక్కన్నే పోయి తింటున్న. ఎవరికి చెప్పనని మాటిచ్చిన. చెప్పకపోతే మతి పోయినోడని పేరు, చెప్తే నాలుక పోయినోడని పేరు. రెండు దినాలు తనుకులాడి, మూడో దినం పొద్దున నేతోళ్ల గల్లికి పోయిన.

కురుమూర్తి గుంటమగ్గంల కూసొని నేస్తున్నడు. ఆకుపచ్చ కొంగు, జరీ బుట్టలు. నేను నిలవడ్డకాడనే చెప్పిన. బాలనాగమ్మ బీపీ, ఉప్పు, నేను ఊరికి పోవుడు, కుండ గల్లిల పెట్టొచ్చుడు అన్ని చెప్పిన. ఆఖరికి నాలుక సంగతి కూడ చెప్పిన. ఆయన పోగు తోసే నాడె ఆపి విన్నడు. నేను చెప్పుడు అయినంక తెగిన పోగు ఒకటి ముడేసిండు.

"నాలుక పోయిందని మాకు మూడేండ్ల సంది ఎరుకనే," అన్నడు. "అమృతమ్మ పోయిన నెలల్నే తెల్సింది. మాకు తెల్సిందని తెలిస్తే ఆ మనిషి పొయ్యి ఆర్పుతడు. అందుకే అనలే."

మరి పళ్లెం ఎందుకు ఇసిరినవని అడిగిన.

"ఉప్పు ఎక్కువైతది, తక్కువైతది, తిన్నం. కుండనే లేదు, ఉప్పు తెస్తే గుంజుకొని పారేస్తున్నడు. ఇగ మతి గూడ పోయిందనుకున్న. రేపు పప్పుల ఏం కలుపుతడో అని భయమైంది. ఇంట్ల ఒక్కడే ఉంటడాయె." మళ్ల నాడె పట్టుకున్నడు. "పళ్లెం ఇసిరింది తప్పే."

పిల్ల పుట్టిన పన్నెండో దినం మమ్మల్ని ఇంటికి పొమ్మన్నరు. డాక్టరమ్మ, ఇగ కొంచెం ఉప్పు తినొచ్చు, బీపీ మాత్రం నెల నెల చూపెట్టుకోవాలె అని చెప్పింది. బస్సుకు ఇంకా టైమున్నది. బాలనాగమ్మ, ఆ హోటలు ఎట్లుంటదో చూస్త అన్నది. రెండు నెలలు అక్కడి తిండి తిన్నది గని ఆ గడప తొక్కలే.

మేము పోయేసరికి నేతోళ్లు ఏడుగురు బల్లల ముందర కూసోని ఉన్నరు. కురుమూర్తి జరిగి బాలనాగమ్మకు జాగ ఇచ్చిండు. బక్కయ్య మా ముందర తానే పళ్లేలు పెట్టిండు. పిల్లను చూసిండు గని ముట్టలే, చేతులకు మసి ఉన్నదన్నడు. అన్నం పెట్టి, పప్పు ఏసి, పక్కన నిలవడ్డడు. ఆ పొద్దు డిశ్చార్జి కాయితాల పనిల పడి నేను రుచి చూసెతందుకు పోలే.

నేను ముద్ద నోట్ల పెట్టుకున్న. ఉప్పు కషాయం. తల ఎత్తి చూస్తే, కురుమూర్తి అన్నంల మజ్జిగ పోసుకుంటున్నడు. బాలనాగమ్మ అప్పటికే రెండో ముద్ద కలుపుతున్నది. నా చెయ్యి దానంతట అదే లేచింది, ఆమె చెయ్యి పట్టుకుందమని. ఒడిల పిల్ల ముక్కుపుటాలు మెల్లగ కదులుతున్నయి.

"ఎట్లున్నది బిడ్డా?" అన్నడు బక్కయ్య.

బాలనాగమ్మ నా దిక్కు చూసింది. నా చెయ్యి గాలిలనే ఆగింది. ఆమె ముద్ద మింగి, కండ్లల్ల వచ్చిన నీళ్లు మోచేతితోని తుడుచుకున్నది.

"మంచిగున్నది తాతా," అన్నది. "కొంచెం మజ్జిగ కూడ పొయ్యి."